డబ్బులిచ్చినంత మాత్రాన సోర్స్ కోడ్ వాళ్లదైపోదు

మీ సమస్యను ముందు నాలుగు ముక్కల్లో చెప్తాను, మిగతావాళ్లకూ అర్థం కావాలి కదా. మీరు కడపలో ఇంటి నుంచే ప్రోగ్రామింగ్ పని చేస్తారు. ప్రొద్దుటూరులో ఒక నగల అంగడికి సి షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చారు. రోజు రేటు, తరుగు, మజూరీ, పాత బంగారం మార్పిడి, నెలవారీ స్కీము లెక్కలు అన్నీ అందులో ఉన్నాయి. స్కీము భాగం మీ స్నేహితుడు రాశాడు. అగ్రిమెంటు లేదు. వాట్సాప్‌లో మాట్లాడుకున్నారు, రెండు విడతలు ఫోన్‌పేలో వచ్చాయి, మూడో విడత రాలేదు. మధ్యలో ఓనరు "డబ్బులిచ్చాం కదా తమ్ముడూ, కోడంతా పెన్ డ్రైవులో వేసిచ్చేయ్" అంటే సోర్స్ కోడ్ (ప్రోగ్రామును మనం రాసిన అసలు రూపం) ఉన్న ప్రాజెక్టు ఫోల్డరు మొత్తం ఇచ్చేశారు. ఇప్పుడు జమ్మలమడుగులో ఆయన బావమరిది అంగట్లో అదే సాఫ్ట్‌వేర్ పేరు మార్చుకుని నడుస్తోంది. దీన్ని ఆపగలనా, ఇకముందు ఇలా జరక్కుండా ఏం చేసుకోవాలి అన్నది మీ ప్రశ్న.

నేను కర్నూలులో ఉంటాను. మండీ వ్యాపారులకు, ఆదోని వైపు జిన్నింగు మిల్లులకు చాలా ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. లాయరును కాను, కానీ ఇలాంటి తగాదాల్లో లాయర్ల పక్కన కూర్చుని కాగితాలు సిద్ధం చేసిన అనుభవం ఉంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆపగలరు. కానీ ఎన్‌క్రిప్షన్, ఆబ్‌ఫస్కేషన్ లాంటి కోడ్ దాచే పద్ధతుల గురించి వెతకడం కాసేపు పక్కన పెట్టండి. మీరు అమ్మింది ఏమిటో ముందు తేల్చుకోవాలి. మన ఊళ్లలో సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లలో ఎక్కువమంది దెబ్బ తినేది అక్కడే. వాడుకునే హక్కు ఇచ్చామా, కోడ్ మీద యాజమాన్యమే ఇచ్చేశామా అన్నది రాసేవాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు. ఇల్లు బాడుగకు ఇవ్వడానికీ రిజిస్టరు చేసి అమ్మేయడానికీ ఉన్న తేడా ఇక్కడా ఉంది. కాకపోతే ఇంటి విషయంలో ఆ తేడా అందరికీ తెలుసు, కోడ్ విషయంలో ఎవరూ అడగరు.

చట్టం మీ వైపే ఉంది. 1957 నాటి మన కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనల కిందే లెక్కేస్తుంది. సెక్షన్ 17 ప్రకారం రచనకు మొదటి హక్కుదారు రాసినవాడే. ఉద్యోగంలో భాగంగా రాస్తే మాత్రం యజమానిది. నెల జీతం, హాజరు, సెలవులు, వాళ్లు చెప్పినట్టు పని, ఇవన్నీ ఉంటే అది ఉద్యోగం. మీరు మీ ఇంట్లో, మీ ల్యాప్‌టాప్ మీద, మొత్తం పనికి ఇంత అని మాట్లాడుకుని చేశారు. అది ఉద్యోగం కాదు. "డబ్బిచ్చి చేయించుకున్నాం కాబట్టి మాదే" అనే వాదన ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్తాను. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో, వేయించుకున్న బొమ్మ, తీయించుకున్న సినిమా లాంటివాటికి, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చినవాళ్లే మొదటి హక్కుదారులని అదే సెక్షన్ చెబుతుంది. పెళ్లి ఆల్బమ్ విషయంలో ఆ మాట నిజం. ఆ జాబితాలో కంప్యూటర్ ప్రోగ్రాము లేదు.

యాజమాన్యం చేతులు మారాలంటే సెక్షన్ 19 ప్రకారం రాతపూర్వకమైన బదిలీ పత్రం ఉండాలి, దాని మీద హక్కుదారు సంతకం ఉండాలి. ఏ రచన, ఏ హక్కులు, ఎన్నాళ్లకు, ఏ ప్రాంతానికి, ఎంత డబ్బుకు అన్నవి అందులో రాయాలి. ఎన్నాళ్లకో రాయకపోతే అయిదేళ్లకే అని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం అనుకుంటుంది. మీరు పెన్ డ్రైవులో ఫోల్డరు ఇవ్వడమంటే ఒక కాపీ ఇవ్వడం మాత్రమే. హక్కు దాంతో పోదు. అయితే ఒక్క పని ఈ రాత్రే చేయండి. ఓనరుతో మీ వాట్సాప్ చాట్ మొత్తం పైనుంచి కిందదాకా చదవండి. ఎక్కడైనా మీరు "కోడ్ మొత్తం మీదే సార్, ఏమైనా చేసుకోండి" అన్నట్టు రాశారా? రాసుంటే అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే. మీ లాయరుకు ఆ సంగతి ముందే చెప్పాలి. దాచితే కోర్టులో బయటపడుతుంది.

ఓనరు వైపు కూడా చూద్దాం. ఆయన తన అంగట్లో ఆ సాఫ్ట్‌వేర్ వాడుకోవడం తప్పు కాదు. కాగితం లేకపోయినా, ఏ పని కోసం తీసుకున్నాడో ఆ పనికి వాడుకునే అనుమతి ఉన్నట్టే. పాడైతే పనికొస్తుందని బ్యాకప్ కాపీ పెట్టుకోవడానికి సెక్షన్ 52 కూడా ఒప్పుకుంటుంది. ఆయన అదే ప్రొద్దుటూరులో రెండో అంగడి తెరిచి అక్కడా పెట్టుకుంటే? అది రెండు వైపులా వాదించదగ్గ విషయం, మీకు కాగితం లేదు కాబట్టి నేనైతే దాని మీద పోరాడను. కానీ బావమరిది అంగడి వేరే వ్యాపారం, జీఎస్టీ నంబరే వేరు. అక్కడ పెట్టడానికి గానీ, పేరు మార్చి వాడటానికి గానీ ఎవరికీ హక్కు లేదు. మీ కేసుకు గట్టి నేల అదే.

ఇక సాక్ష్యం గురించి. చాలామంది ముందు ఫోన్ చేసి తిట్టేసి, తర్వాత సాక్ష్యం కోసం వెతుకుతారు. ఈలోగా అవతల కంప్యూటరు ఫార్మాట్ అయిపోతుంది. కొన్ని రోజులు గమ్మున ఉండండి. మీకు తెలిసినవాళ్లు ఎవరైనా జమ్మలమడుగు అంగట్లో ఒక వెండి పట్టీ జతో, చిన్న ముక్కుపుడకో కొనుక్కుని మామూలు గిరాకీలాగే బిల్లు తెచ్చుకోవాలి. అబద్ధాలు చెప్పి కంప్యూటరు దగ్గరికి వెళ్లడం, ఫొటోలు తీయడం వద్దు. ఆ బిల్లును మీ సాఫ్ట్‌వేర్ బిల్లు పక్కన పెట్టి చూడండి. వరుసలు, కాలమ్ల అమరిక, పైసలు ఎటు సర్దుతుందో, పాత బంగారం తీసివేత తరుగుకు ముందా వెనకా, ఇవన్నీ చూడాలి. అన్నిటికంటే ముఖ్యం మీ తప్పులు. మీరు ఏదో ఒక లేబుల్‌లో స్పెల్లింగు తప్పు రాసుంటారు, ఏదో ఒక రౌండింగ్‌లో పైసా తేడా వచ్చే బగ్ వదిలేసుంటారు. అది అక్కడా అలాగే ఉంటే దానికి మించిన సాక్షి లేదు.

ఎందుకంటే చట్టం కాపాడేది మీరు రాసిన కోడ్‌నే, ఆలోచనను కాదు. బంగారం మీద 3 శాతం జీఎస్టీ వేయడం, గ్రాముల్లో తరుగు కట్టడం, నెలనెలా స్కీము డబ్బు జమ వేయడం ఎవరైనా చేయవచ్చు. వేరొకడు మీ స్క్రీన్లు చూసి, తన కోడ్ తాను రాసుకుని అలాంటిదే చేస్తే మీరు పెద్దగా ఏమీ చేయలేరు. ఆలోచనకు కాపీరైట్ లేదు, వ్యక్తీకరణకే ఉందని సుప్రీంకోర్టు 1978లోనే తేల్చింది. ఒకే లెక్క ఇద్దరు రాయడం మామూలే. ఒకే స్పెల్లింగు తప్పు, అదే చోట, ఇద్దరూ చేశారంటే మాత్రం ఎవరూ నమ్మరు.

మీ వైపు నుంచి చూపాల్సింది, ఇది మీరు ఎప్పుడు రాశారు అన్నది. కోడ్‌లో ప్రతి మార్పునూ తేదీతో నమోదు చేసే గిట్ వాడుతుంటే మంచిదే, కానీ గిట్ కమిట్‌లో (ఒక్కో మార్పు నమోదులో) తేదీని ఎవరైనా ఎలా కావాలంటే అలా పెట్టవచ్చు. మీ ల్యాప్‌టాప్‌లోని రిపాజిటరీ ఒక్కటే చూపిస్తే అవతలివాళ్లు ఆ మాటే అంటారు. గిట్‌హబ్‌లాంటి బయటి సర్వరుకు ఎప్పటికప్పుడు పుష్ చేసుంటే, ఓనరుకు డెమో బిల్డులు మెయిల్‌లో పంపుంటే, వాటి తేదీలు మీ చేతిలో లేవు కాబట్టి బరువు ఎక్కువ. 2024 జులై 1 నుంచి పాత సాక్ష్యాల చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టుకు ఇవ్వాలంటే దాని సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి అంకెల, అక్షరాల వరుస) రాయాలి. అందుకే ఇప్పుడే మొత్తం ప్రాజెక్టును జిప్ చేసి, ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ తీసి, ఆ హ్యాష్‌ను మీకు మీరే మెయిల్ చేసుకోండి. ఆ జిప్‌ను ఇక ముట్టుకోవద్దు. వాట్సాప్ చాట్‌ను స్క్రీన్‌షాట్లు తీసుకుని ఊరుకోకుండా ఎక్స్‌పోర్ట్ కూడా చేసుకోండి. ఆ ఫోను అమ్మడం, రీసెట్ చేయడం కొన్నాళ్లు మానుకోండి.

మీరు అడగకపోయినా ఒక హెచ్చరిక. ప్రొద్దుటూరు అంగడి కంప్యూటరులో మీ ఎనీడెస్క్ (దూరం నుంచే కంప్యూటరు నడిపే టూల్) పాస్‌వర్డు ఇంకా పనిచేస్తుండవచ్చు. సపోర్టు కోసం పెట్టుకున్నది ఎవరూ తీసేయరు. దాంతో లోపలికి వెళ్లి ఏం జరుగుతోందో చూడాలని, ఇంకా కోపం వస్తే డేటాబేసు ఆపేయాలని అనిపిస్తుంది. వద్దు. అనుమతి లేకుండా ఇంకొకరి కంప్యూటరులోకి వెళ్లడం, ఫైళ్లు తీసుకోవడం, పని ఆగిపోయేట్టు చేయడం ఐటీ చట్టం సెక్షన్ 43 కిందకు వస్తాయి. చెడు ఉద్దేశంతో చేస్తే సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. "డబ్బు ఇవ్వకపోతే ఫలానా తేదీన ఆగిపోయేలా" కోడ్‌లో చాటుగా పెట్టే టైం బాంబులకూ ఇదే వర్తిస్తుంది. లైసెన్సు గడువు ఉందని కాగితం మీద రాసి, ఓనరుకు తెలిసేట్టు స్క్రీన్ మీద చూపించి ఆపడం వేరు. చెప్పకుండా ఆపి, ధన్‌తేరస్ రోజు అంగడిలో బిల్లు రాకుండా చేయడం వేరు. రెండోది చేసినవాడు ఫిర్యాదుదారుగా స్టేషనుకు వెళ్లి ముద్దాయిగా ఇంటికి వస్తాడు.

బిల్లు, జిప్, చాట్ మూడూ చేతిలో ఉన్నాక లాయరు ద్వారా ఇద్దరికీ నోటీసు పంపండి, ఓనరుకూ బావమరిదికీ. బావమరిదికి పంపడం ఎందుకంటే, కాపీ అని తెలిసి వాడితేనే కాపీరైట్ చట్టం సెక్షన్ 63బి పట్టుకుంటుంది. ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా అందులో ఉన్నాయి. నోటీసుకు ముందు అతను "మా బావ ఇచ్చాడు, నాకేం తెలుసు" అనగలడు. నోటీసు అందాక అనలేడు. కాపీ చేసి పంచినవాడికి సెక్షన్ 63 వేరే ఉంది, అందులో కనీసం ఆరు నెలలు. ఆ నేరం పోలీసులు నేరుగా కేసు కట్టదగినదేనని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. ప్రోగ్రాముల విషయంలో మన హైకోర్టు మాట కూడా ఒకటి ఉంది. మొబైల్ ఫోన్లలోని ప్రోగ్రామును మార్చి వేరే కంపెనీ నెట్‌వర్కుకు తిప్పారన్న కేసులో, అది కాపీరైట్ చట్టం కిందకూ ఐటీ చట్టం సెక్షన్ 65 కిందకూ రాదని కొట్టేయడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2005లో ఒప్పుకోలేదు. మీ లాయరుకు కంప్యూటరు కేసులు కొత్తయితే ఈ తీర్పు చూడమనండి.

సివిల్ దావా వేయాలంటే కాపీరైట్ చట్టం సెక్షన్ 62 మీకు ఒక సౌకర్యం ఇచ్చింది. హక్కుదారు తాను ఉంటున్న చోటి జిల్లా కోర్టులోనే వేయవచ్చు. వాడకం ఆపమని ఇంజంక్షన్, నష్టపరిహారం, వాళ్లకు వచ్చిన లాభం లెక్క, మూడూ అడగవచ్చు. దావా విలువ 3 లక్షలు దాటితే వాణిజ్య కోర్టుల చట్టం వర్తిస్తుంది, అప్పుడు అత్యవసర ఉత్తర్వు అడగకపోతే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి రావాలి. మూడేళ్ల గడువు ఉంది కదా అని తాత్సారం చేయకండి. తెలిసీ చాలాకాలం ఊరుకున్నవాడికి ఇంజంక్షన్ ఇవ్వడానికి కోర్టు వెనకాడుతుంది.

ఇంత చెప్పాక నా సొంత అభిప్రాయం: కోర్టుదాకా వెళ్లకండి, వెళ్లగలనని మాత్రం చూపించండి. ప్రొద్దుటూరు బంగారం బజారులో అంగడికి అంగడి ఆనుకుని ఉంటాయి, మాట క్షణాల్లో పాకుతుంది. రేపు మీకు ఇంకో పది అంగళ్లు కావాలి. నోటీసులోనే ఒక దారి చూపమనండి: మూడో విడత కట్టి, జమ్మలమడుగు అంగడికి విడిగా లైసెన్సు ఫీజు కట్టి, ఏడాది సపోర్టు తీసుకుంటే దీన్ని ఇక్కడితో ముగిస్తామని. బావమరిదికి కూడా అదే లాభం. రేపు జీఎస్టీలో ఏదైనా మారినా, బిల్లులో హాల్‌మార్కు నగకు ఉండే గుర్తింపు నంబరు (హెచ్‌యూఐడీ) చూపించాల్సి వచ్చినా, కాపీ కొట్టిన సాఫ్ట్‌వేర్‌ను సరిచేసి పెట్టేవాడు అతనికి లేడు. అతను మీ గిరాకీ అయ్యే అవకాశం చాలా ఉంది. నగల వర్తకుల వాట్సాప్ గ్రూపులో "వీళ్లు దొంగలు" అని పెట్టడం మాత్రం చేయకండి. పరువు నష్టం సంగతి అటుంచితే, ఆధారం లేని బెదిరింపు అని కాపీరైట్ చట్టం సెక్షన్ 60 కింద వాళ్లే మీ మీద దావా వేసే వీలుంది.

మూడో విడత డబ్బు గురించి ఒక్క మాట. దాన్నీ కాపీ గొడవనూ ఒకే వాక్యంలో కలపకండి, నోటీసులో వేర్వేరు పేరాలుగా ఉండాలి. ఇకముందు పనులకు ఉద్యం (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్ చేసుకోండి, దానికి ఫీజు లేదు. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం, 2006 ప్రకారం నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థకు కొనుగోలుదారు 45 రోజులు దాటకుండా చెల్లించాలి, లేకపోతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ పడుతుంది. పని మొదలుపెట్టక ముందే నమోదు అయ్యుండటం మంచిది.

రెండో ప్రశ్నకు వస్తున్నాను. ఓనరు సోర్స్ కోడ్ అడిగితే వెంటనే దొంగబుద్ధి అనుకోకండి. ఆయన భయం న్యాయమైనదే. "ఈ పిల్లోడికి రేపు బెంగళూరులో ఉద్యోగం వస్తే వెళ్లిపోతాడు, అప్పుడు నా అంగడి లెక్కలు ఎవరు చూస్తారు?" అన్నదే చాలాసార్లు అసలు ప్రశ్న. దానికి జవాబు ఇవ్వకుండా "కోడ్ ఇవ్వను సార్" అంటే పని పోతుంది, లేదా మీలాగే మొహమాటపడి ఇచ్చేస్తారు.

నేను చేసేది ఇది. వాడుక హక్కుకు ఒక ధర, యాజమాన్యంతో సహా అయితే ఇంకో ధర, రెండూ కొటేషనులోనే రాస్తాను. రెండోది మొదటిదానికి మూడు రెట్లకు తక్కువ ఉండదు. నూటికి తొంభై మంది రెండు ధరలు చూడగానే "వాడుకునేదే చాల్లే" అంటారు. వాళ్ల భయానికి విడిగా ఏర్పాటు ఉంటుంది. ఎన్‌క్రిప్ట్ చేసిన పెన్ డ్రైవులో సోర్స్ కోడ్ పెట్టి, సీలు వేసి, వాళ్ల ఆడిటరు దగ్గర ఉంచుతాం. పాస్‌వర్డు వేరే కవరులో ఓనరు బీరువాలో ఉంటుంది. ఒక్కరి వల్ల అది తెరుచుకోదు. నేను చనిపోయినా, సపోర్టు మానేస్తున్నానని రాసిచ్చినా, రాతపూర్వకంగా అడిగాక 30 రోజుల్లో స్పందించకపోయినా ఆడిటరు దాన్ని ఇస్తాడు. అప్పుడు కూడా ఆ అంగడి అవసరానికే వాడుకోవాలి. ఆరు నెలలకొకసారి కొత్త కాపీ పెడతాను. ఆడిటరు మీద వాళ్లకు మనకంటే నమ్మకం ఎక్కువ, అందుకే ఇది నడుస్తుంది. నేను ఇలా పెట్టడం మొదలుపెట్టాక సోర్స్ కోడ్ కోసం పట్టుబట్టినవాళ్లు తగ్గిపోయారు.

అగ్రిమెంటు ఇంగ్లిషులో పదిహేను పేజీలు ఉండాల్సిన పని లేదు. చూడగానే భయపడి "ఇదంతా ఎందుకు తమ్ముడూ, మన మధ్య" అంటారు. తెలుగులో ఒక పేజీ చాలు, ఓనరు చదివి సంతకం పెట్టేలా ఉండాలి. దీన్ని మీకు తగ్గట్టు మార్చుకోండి, లాయరుకు ఒకసారి చూపించండి:

"ఈ సాఫ్ట్‌వేర్‌ను ప్రొద్దుటూరులోని ఫలానా అంగట్లో, ఫలానా జీఎస్టీ నంబరు గల వ్యాపారానికి మాత్రమే, మూడు కంప్యూటర్ల వరకు వాడుకునే హక్కు కొనుగోలుదారుకు ఇవ్వబడింది. ఈ హక్కు చివరి విడత చెల్లించిన రోజు నుంచి శాశ్వతం. అప్పటివరకు ఇది ప్రయత్నపు వాడకం మాత్రమే. సోర్స్ కోడ్ మీద కాపీరైట్ రాసినవారిదే. రాతపూర్వక అనుమతి లేకుండా ఇతరులకు ఇవ్వడం, అమ్మడం, మార్పించడం, వేరే అంగట్లో వాడటం కుదరదు. అంగడి డేటా మొత్తం కొనుగోలుదారుదే. అడిగిన వెంటనే ఎక్సెల్ రూపంలో ఇవ్వాలి."

చివరి రెండు వాక్యాలు తీసేయకండి. వాళ్ల డేటాను తాకట్టు పెట్టుకునే ప్రోగ్రామర్లను నేను చూశాను. కోడ్ మనది, గిరాకీల పేర్లూ స్కీము కంతులూ వాళ్లవి. ఆ గీత దాటినవాడి మాట ఏ పెద్దమనిషీ వినడు.

యాజమాన్యమే అమ్మాల్సి వస్తే ఒక జాగ్రత్త. మీరు ప్రతి పనిలోనూ వాడుకునే సొంత లైబ్రరీ ఉంటుంది, ప్రింటింగు, లాగిన్, బ్యాకప్ లాంటివి. దాన్ని బదిలీ నుంచి మినహాయించి, వాడుకునే అనుమతి మాత్రమే ఇస్తున్నట్టు రాయండి. లేకపోతే తర్వాతి పనిలో మీ కోడ్ మీరు వాడుకున్నా అది ఇంకొకరి ఆస్తి అవుతుంది. అప్‌వర్క్‌లాంటి ఫ్రీలాన్స్ పనుల వెబ్‌సైట్లలో పని చేసేవాళ్లు ఇంకా చూసుకోవాలి. అక్కడ వేరే ఒప్పందం రాసుకోకపోతే, డబ్బు పూర్తిగా అందగానే పని మీద హక్కులు క్లయింటుకు వెళ్లిపోయే షరతులే ఉంటాయి.

తాళాల సంగతి తక్కువే చెప్తాను, ఎందుకంటే వాటి శక్తి తక్కువే. సి షార్ప్‌లో చేసిన ఈఎక్స్ఈని (నడిపే ప్రోగ్రాము ఫైలును) ఐఎల్‌స్పై లాంటి ఉచిత టూల్‌లో తెరిస్తే దాదాపు మీరు రాసిన కోడే కనిపిస్తుంది, కామెంట్లు తప్ప. ఆబ్‌ఫస్కేటర్ వాడితే పేర్లు గజిబిజి అవుతాయి, చదవడం కష్టమవుతుంది, అసాధ్యం మాత్రం కాదు. పైథాన్ వాళ్లు పైఇన్‌స్టాలర్ అనే టూల్‌తో ఈఎక్స్ఈగా కట్టిచ్చి భద్రం అనుకుంటారు, దాన్ని విప్పే స్క్రిప్టులు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. నుయిట్కా అనే టూల్‌తో నేటివ్ కోడ్‌గా (నేరుగా కంప్యూటరు నడిపే రూపంలోకి) మార్చడం కొంచెం మేలు. పీహెచ్‌పీని క్లయింటు హోస్టింగులో పెట్టాల్సి వస్తే కోడ్‌ను చదవరాకుండా చేసే అయాన్‌క్యూబ్ ఉంది. బ్రౌజరులో నడిచే జావాస్క్రిప్ట్‌ను దాచడం కుదరదు, అసలైన లెక్క సర్వరులోనే ఉంచాలి. మీ విషయంలో ఇంకొకటి చూసుకోవాలి. తరుగు, స్కీము లెక్కలు ఎస్‌క్యూఎల్ సర్వర్ స్టోర్డ్ ప్రొసీజర్లలో (డేటాబేసులోనే ఉండే కోడ్‌లో) పెట్టుంటే, డేటాబేసు కాపీ చేసినవాడికి అవి తెరిచిన పుస్తకమే. ఎన్‌క్రిప్షన్ ఆప్షన్ పెట్టినా దాన్ని తీసేసే టూల్స్ ఉన్నాయి.

అంగళ్లకు పనికొచ్చే తాళం ఒకటే, సంతకం చేసిన లైసెన్సు ఫైలు. మీ దగ్గర ప్రైవేట్ కీ (సంతకం చేసే రహస్య తాళంచెవి), సాఫ్ట్‌వేర్‌లో పబ్లిక్ కీ (ఆ సంతకాన్ని సరిచూసేది). అంగడి పేరు, జీఎస్టీ నంబరు, కంప్యూటరు గుర్తు, గడువు ఉన్న చిన్న ఫైలును మీరు సంతకం చేసి ఇస్తారు, సాఫ్ట్‌వేర్ దాన్ని సరిచూస్తుంది. ప్రైవేట్ కీ లేకుండా కొత్త ఫైలు ఎవరూ చేయలేరు. బిల్లు మీద పేరు, జీఎస్టీ నంబరు ఆ ఫైలు నుంచే రావాలి, సెట్టింగుల నుంచి కాదు. అప్పుడు బావమరిదికి ఈఎక్స్ఈ ఇచ్చినా బిల్లు మీద బావ పేరే వస్తుంది, ఏ వ్యాపారీ ఆ బిల్లు ఇవ్వడు. తెలిసినవాడు ఈ తనిఖీని కూడా పీకేయగలడు, నిజమే. కానీ ఈ బజారులో కాపీ కొట్టేది హ్యాకర్లు కాదు, పెన్ డ్రైవు ఉన్న బంధువులు. హార్డుడిస్కు పోయి మార్చుకున్నప్పుడు లైసెన్సు చెల్లకుండా పోతుంది కాబట్టి పది పదిహేను రోజుల వెసులుబాటు పెట్టండి. లేకపోతే అక్షయ తృతీయ రోజు పొద్దున్నే మీ ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఒకవేళ ఎవరైనా మీ సోర్స్‌ను ఇంటర్నెట్‌లో పెట్టేస్తే, ఆ సైటుకు రాతపూర్వక ఫిర్యాదు పంపాలి. 2013 నాటి మన కాపీరైట్ నిబంధనల ప్రకారం 36 గంటల్లో తీయాలి, 21 రోజుల్లోగా మీరు కోర్టు ఉత్తర్వు చూపకపోతే మళ్లీ పెట్టుకోవచ్చు. గిట్‌హబ్ అయితే వాళ్ల అమెరికా చట్టం కింద ఫారం ఉంది, అది త్వరగా పనిచేస్తుంది.

కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రాసిన క్షణమే హక్కు పుడుతుంది. అయినా చేయించమనే నా సలహా, ఎందుకంటే రిజిస్టరులో ఉన్నది ప్రాథమిక సాక్ష్యంగా చెల్లుతుంది. కాపీరైట్ ఆఫీసు వెబ్‌సైట్లో ఫారం 14, సాహిత్య రచనకు ఫీజు 500 రూపాయలు. దరఖాస్తు పెట్టాక అభ్యంతరాలకు 30 రోజులు ఆగుతారు. 2021లో నిబంధనలు మార్చి, సోర్స్ కోడ్‌లో మొదటి 10 పేజీలు, చివరి 10 పేజీలు ఇస్తే చాలన్నారు. మొత్తం 20 పేజీలకు తక్కువైతే అంతా ఇవ్వాలి. మధ్యలో నల్ల గీతలు కొట్టి దాచడానికి వీల్లేదు, కాబట్టి ఆ పేజీల్లో పాస్‌వర్డులు, ఏపీఐ కీలు లేకుండా ముందే చూసుకోండి. ఓనరుకు పెన్ డ్రైవులో ఇచ్చిన వెర్షన్‌నే రిజిస్టరు చేయండి, తర్వాత మెరుగుపరిచినదాన్ని కాదు.

ఇక మీ ప్రశ్నలో ఒక చిన్న మాటగా వదిలేసిన సంగతి, నాకైతే అదే పెద్దది. స్కీము భాగం మీ స్నేహితుడు రాశాడన్నారు. అతను మీ ఉద్యోగి కాదు. పైన ఓనరుకు వర్తించిన సూత్రమే మీకూ వర్తిస్తుంది: మీరు అతనికి డబ్బిచ్చినా, బిర్యానీ పెట్టించినా, ఆ భాగం మీద మొదటి హక్కు అతనిదే. రేపు అవతలి లాయరు అతన్ని పట్టుకుంటే మొత్తం నాదే అన్న మీ మాట అక్కడే విరిగిపోతుంది. అతను అప్పట్లో ఏదైనా కంపెనీలో ఉద్యోగం చేస్తూ, కంపెనీ ల్యాప్‌టాప్ మీద రాశాడా అన్నదీ అడగండి, అయితే అతని అపాయింట్‌మెంట్ ఆర్డరులోని షరతులు చూడాలి. అతను ఎక్కడైనా జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు ఉన్న కోడ్ తెచ్చి కలిపాడేమో కూడా చూడండి. కలిపుంటే, సాఫ్ట్‌వేర్ ఎవరికి ఇస్తే వాళ్లకు సోర్స్ కూడా ఇవ్వాలన్న షరతు మీ మెడకే చుట్టుకుంటుంది, ఆ భాగాన్ని ముందు మార్చేయాలి. అన్నీ సరిగ్గా ఉంటే, స్కీము మాడ్యూల్ పేరు, అన్ని హక్కులు, కాపీరైట్ ఉన్నంతకాలం, ప్రపంచమంతటా, ఇంత మొత్తానికి అని స్పష్టంగా రాసి బదిలీ పత్రం మీద అతని సంతకం తీసుకోండి. చట్టంలో ఇంకో మెలిక ఉంది. హక్కు పొందినవాడు ఏడాదిలోపు దాన్ని వాడకపోతే బదిలీ రద్దయిపోతుంది, కాబట్టి ఆ నియమం దీనికి వర్తించదని కూడా అందులో రాయించండి. ఈ కాగితం నోటీసు కంటే ముందు తేదీతో మీ ఫైలులో ఉండాలి, అదీ నిజంగా ఆ రోజే సంతకం చేసిన తేదీతో.